రాజ్యానికి గురుపీఠం తగునా? 1967 రాష్ట్రపతి ఎన్నికలో ఒక తాత్త్విక ప్రశ్న

అత్యున్నత పదవికి పోటీచేసే వ్యక్తి ప్రజల ముందుంచే మాటల్లో విద్యను గురించిన మాట తక్కినవాటి వంటిది కాదు. రోడ్డు వేయిస్తాననీ, ఆనకట్ట కట్టిస్తాననీ, పన్ను తగ్గిస్తాననీ చెప్పే అభ్యర్థి ఓటరుకు తన వెలుపల ఉన్న ఒక వస్తువును చూపుతాడు. అది అందిందో లేదో ఐదేళ్ల తరువాత ఓటరు తానే లెక్క చూసుకోగలడు. జాతికి మంచి చదువు చెప్పిస్తాననే అభ్యర్థి మాత్రం ఓటరు బిడ్డనే మారుస్తానంటున్నాడు, అంటే రేపు తనను తూచవలసిన త్రాసును ఈవేళ తానే తయారుచేస్తానంటున్నాడు. ఎవరి ఎంపిక వల్ల పదవి వస్తుందో వారి బుద్ధినే తీర్చిదిద్దే అధికారాన్ని కోరడం న్యాయమేనా, రాజ్యానికి గురుపీఠం ఇవ్వవచ్చునా అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. ప్లేటో తన ‘రిపబ్లిక్’ గ్రంథంలో ఈ చిక్కుముడిని ఎన్నికనే తొలగించి విప్పాడు. అక్కడ తత్త్వవేత్తలే పాలకులు; వారిని ప్రజలు ఎన్నుకోరు, దశాబ్దాల శిక్షణే వారిని వడపోసి నిలబెడుతుంది, చదువు చెప్పడమూ పాలించడమూ చివరికి ఒకే పనిగా కలిసిపోతాయి. ప్రజాస్వామ్యానికి ఆ వెసులుబాటు లేదు.

ఈ ప్రశ్నను భారత రాష్ట్రపతి ఎన్నికలో వెతకడం మొదట అసంగతంగా తోచవచ్చు. రాజ్యాంగం 54వ అధికరణం ప్రకారం రాష్ట్రపతిని ఎన్నుకునేది పార్లమెంటు ఉభయసభలకూ రాష్ట్రాల శాసనసభలకూ ఎన్నికైన సభ్యులతో కూడిన నియోజకగణం మాత్రమే. ఊరూరా సభలు పెట్టి ఓట్లడిగే అవసరం ఆ అభ్యర్థికి లేదు. గెలిచిన తరువాత కూడా మంత్రిమండలి సలహా మేరకే నడుచుకోవాలి కనుక, పైగా 1967 నాటికి విద్య రాష్ట్రాల జాబితాలోని అంశం కనుక, ఆ పదవి కోరే వ్యక్తి ఒక్క బడి గోడకు సున్నం కొట్టిస్తానని కూడా మాట ఇవ్వలేడు. సరిగ్గా ఆ కారణం చేతనే అది పరిశీలనకు తగిన సందర్భం. వాగ్దానానికి తావు లేనిచోట అభ్యర్థి సందేశం అతడు చేయబోయేదాని నుంచి కాక, అప్పటికే చేసినదాని నుంచి తయారవుతుంది. ఆ ఏటి పోటీలో నిలిచిన ఇద్దరు ప్రధాన అభ్యర్థుల జీవితాలూ పౌరుడికీ రాజ్యానికీ ఉండవలసిన సంబంధాన్ని గురించి రెండు వేర్వేరు సిద్ధాంతాలు.

1967 ఫిబ్రవరిలో జరిగిన సార్వత్రిక ఎన్నికల్లో కాంగ్రెస్ పలు రాష్ట్రాల్లో మెజారిటీ కోల్పోయింది, లోక్‌సభలో దాని ఆధిక్యం బాగా తగ్గింది. అందువల్ల అంతవరకు లాంఛనంగా సాగిన రాష్ట్రపతి ఎన్నిక తొలిసారి నిజమైన పోటీగా మారింది. కాంగ్రెస్ అభ్యర్థి జాకిర్ హుస్సేన్ 1962 నుంచి ఉపరాష్ట్రపతి, అంతకు ముందు బీహార్ గవర్నరు, వాటన్నిటికీ ముందు దీర్ఘకాలం ఉపాధ్యాయుడు. 1897లో హైదరాబాదులో పుట్టాడు. ప్రతిపక్షాలు నిలబెట్టిన కోకా సుబ్బారావు 1902లో రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, భారత ప్రధాన న్యాయమూర్తి పదవికి 1967 ఏప్రిల్ 11న రాజీనామా ఇచ్చి బరిలో దిగాడు. న్యాయపీఠం నుంచి నేరుగా ఎన్నికలోకి రావడం న్యాయవ్యవస్థ గౌరవానికి మంచిది కాదన్న విమర్శ అప్పుడే వచ్చింది, అందులో పస లేకపోలేదు. మే 6న పోలింగు జరిగింది. పదిహేడుగురు అభ్యర్థుల్లో తొమ్మిదిమందికి ఒక్క ఓటూ పడలేదు. ఓట్ల విలువ ప్రకారం జాకిర్ హుస్సేన్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971 వచ్చాయి. దేశానికి మొదటి ముస్లిం రాష్ట్రపతి ఎన్నికయ్యాడన్న సంగతి మీద అప్పుడూ తరువాతా ఎంతో చర్చ సాగింది గానీ, ఆ చర్చ చాటున మరుగున పడింది విద్యాప్రశ్న.

జాకిర్ హుస్సేన్‌ను హైదరాబాదు తన బిడ్డగా చెప్పుకోవడంలో తప్పు లేదు. అయితే తండ్రి మరణం తరువాత చిన్నతనంలోనే కుటుంబం ఉత్తరాదిలోని కాయంగంజ్‌కు వెళ్లిపోయింది, ఆయన బుద్ధి రూపుదిద్దుకున్నది అలీగఢ్‌లోనూ బెర్లిన్‌లోనూ. యౌవనంలో ఆయన చేపట్టిన అనువాదాల్లో ప్లేటో ‘రిపబ్లిక్’ ఉర్దూ అనువాదం ఒకటి కావడం ఈ చర్చకు సూచకంగా ఉంటుంది. 1920లో సహాయనిరాకరణ పిలుపునందుకొని ప్రభుత్వ సహాయంతో నడిచే కళాశాలను విడిచిన విద్యార్థులూ అధ్యాపకులూ స్థాపించుకున్న జామియా మిల్లియా ఇస్లామియాలో ఆయన మొదటినుంచీ ఉన్నాడు. బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేటు పొంది, 1926లో తిరిగివచ్చి, మూతపడే స్థితిలో ఉన్న ఆ సంస్థకు ఇరవై తొమ్మిదేళ్ల వయసులో నాయకుడై, 1948 వరకు దాన్ని నడిపాడు. నెలకు 150 రూపాయలకు మించని జీతంతో ఇరవై ఏళ్లు పనిచేస్తామని అక్కడి అధ్యాపకులు 1928లో ప్రతిజ్ఞ చేశారు. సర్కారు సొమ్ము వద్దనుకున్న ఆ బడి రాజ్యానికి బయట, చాలాకాలం రాజ్యానికి ఎదురుగా నిలిచి పెరిగిందన్న సంగతిని గుర్తుంచుకోవాలి.

ఆయన విద్యాదర్శనం మీద జర్మన్ విద్యావేత్త గేయోర్గ్ కెర్షెన్‌స్టైనర్ ప్రభావం గాఢమైనది. మ్యూనిక్ నగర పాఠశాలలను రెండు దశాబ్దాలకు పైగా పర్యవేక్షించిన కెర్షెన్‌స్టైనర్ రెండు భావాలను ప్రతిపాదించాడు. మొదటిది ‘కర్మశాల’ అనదగిన బడి. అక్కడ పిల్లవాడు పుస్తకం వల్లెవేయడం ద్వారా కాక, చేతితో ఒక పనిని మొదలుపెట్టి, తప్పు దిద్దుకుంటూ, పూర్తిచేయడం ద్వారా నేర్చుకుంటాడు. రెండవది ‘సంస్కృతి వస్తువు’ అనే భావన. పాట, పనిముట్టు, శాస్త్రం, ఆచారం, గుడి, చట్టం వంటి ప్రతి మానవసృష్టిలోనూ దాన్ని సృష్టించిన మనసు తన శక్తిని దాచి ఉంచుతుంది. ఆ మనసు నిర్మాణానికీ పిల్లవాడి మనసు నిర్మాణానికీ పొత్తు కుదిరినప్పుడే ఆ దాగిన శక్తి మేలుకొని పిల్లవాడి బుద్ధిని పోషిస్తుంది. ఒంటికి పట్టని తిండి ఎంత పెట్టినా వృథా అయినట్టే, మనసుకు పొసగని చదువు ఎంత చెప్పినా వృథా. జాకిర్ హుస్సేన్ ఈ భావాన్ని తాలీం, తర్బియత్ అనే రెండు మాటల మధ్య ఉన్న తేడాతో కలిపి చూశాడు. తాలీం అంటే బోధన, తర్బియత్ అంటే పెంపకం. తెలుగులో చదువు, సంస్కారం అని జంటగా పలికే మాటల మధ్య తేడా కూడా దాదాపు అదే. మొదటిదాన్ని ఒకరు మరొకరికి ఇవ్వవచ్చు. రెండవది ఇచ్చే వస్తువు కాదు, అది లోపల పెరగవలసినది.

ఆచరణలో ఈ ఆలోచన 1937 అక్టోబరులో వార్ధాలో పరీక్షకు నిలిచింది. గాంధీ పిలిచిన ఆ విద్యాసదస్సు చేతివృత్తి కేంద్రంగా, మాతృభాషలో, ఏడేళ్ల ఉచిత నిర్బంధ విద్యను ప్రతిపాదించి, ప్రణాళిక రాసే సంఘానికి జాకిర్ హుస్సేన్‌ను అధ్యక్షుడిగా చేసింది. పిల్లలు తయారుచేసే వస్తువుల అమ్మకంతో బడి ఖర్చు గడవాలన్నది గాంధీ ఆశ. ఆ లెక్క మీదే పట్టు పడితే ఉపాధ్యాయుడు పిల్లల చేత గొడ్డుచాకిరీ చేయించే మేస్త్రీగా మారే ప్రమాదముందని సదస్సులోనే హెచ్చరించినవాడు జాకిర్ హుస్సేన్. తనతో విభేదించినవాడికే గాంధీ నివేదిక బాధ్యత అప్పగించడం ఆ కాలపు రాజకీయ మర్యాదకు ఒక గుర్తు; ఇప్పటి కమిటీల నియామకాలను చూసేవారికి అది వింతగానే తోస్తుంది.

తొమ్మిదేళ్ల తరువాత, 1946 నవంబరులో, దేశం మతకల్లోలాలతో మండుతున్న వేళ జామియా రజతోత్సవం జరిగింది. నెహ్రూ, ఆజాద్, జిన్నా ఒకే వేదిక మీద కూర్చున్న అరుదైన సభ అది. జాకిర్ హుస్సేన్ వారినుద్దేశించి, నిప్పు ఎవరు పెట్టారని విచారించే సమయం ఇది కాదనీ, ముందు దాన్ని ఆర్పవలసిందనీ, బిడ్డలను మనుషులుగా పెంచే పని ఈ మంటల మధ్య సాగదనీ వేడుకున్నాడు. ఆయన పాలకులను బడి నడపమని అడగలేదు, బడి నిలిచే నేలను తగలబెట్టవద్దని అడిగాడు. అక్కడ ఉపాధ్యాయుడు రాజ్యం నుంచి కోరింది బోధన కాదు, కాపలా.

1967 మే 13న రాష్ట్రపతిగా ప్రమాణం చేసిన రోజు ఆయన ప్రసంగం స్వరం వేరు. తనకీ గౌరవం ప్రధానంగా విద్యతో ఉన్న చిరకాల సంబంధం వల్లనే దక్కిందని ఆయన భావించాడు. విద్య జాతీయ లక్ష్యాలకు ముఖ్యమైన సాధనమనీ, విద్య నాణ్యత నుంచి జాతి నాణ్యతను విడదీయలేమనీ చెప్పాడు. విద్యాప్రశ్నకు కీలకం ‘సాధనం’ అన్న ఆ ఒక్క మాటలో ఉంది. సాధనానికి తనదైన గమ్యం ఉండదు, దాన్ని పట్టుకున్న చేతి గమ్యమే దాని గమ్యం. అలాంటప్పుడు జాతి లక్ష్యాలను నిర్ణయించేదెవరు? కెర్షెన్‌స్టైనర్ దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది: రాజ్యం ఒక నైతిక సమాజంగా ఎదగవలసిన ఆదర్శం, పౌరుడిని ఆ ఎదుగుదలలో భాగస్వామిని చేయడమే పాఠశాల పని. ఆయన 1932లో మరణించాడు. మరుసటి ఏడాదే జర్మనీలో అధికారానికి వచ్చిన వారు నైతిక ఆదర్శాన్ని పక్కకు నెట్టి, పాఠశాలను మాత్రం అట్టే ఉంచుకున్నారు. రాజ్యం గురువు కావచ్చునన్న సిద్ధాంతానికి ఇంతకంటే కఠినమైన విమర్శను ఏ తార్కికుడూ రాయలేదు. జాకిర్ హుస్సేన్ ఉద్దేశం దానికి పూర్తిగా విరుద్ధమైనదని ఒప్పుకోవడానికి ఏ సంకోచమూ అక్కరలేదు. అయినా ఉద్దేశం మనిషితో పోతుంది, పీఠం మిగులుతుంది.

సుబ్బారావు సిద్ధాంతం మొదలయ్యేది ఆ భయంలోనే. 1962 నాటి ఖరక్ సింగ్ కేసులో ఉత్తరప్రదేశ్ పోలీసులు ఒక వ్యక్తిపై నిఘా పెట్టి, రాత్రివేళ ఇంటి తలుపు తట్టే అధికారం తమకుందని వాదించారు. మెజారిటీ న్యాయమూర్తులు ఆ రాత్రి సోదాలను కొట్టివేసి తక్కిన నిఘాను ఉండనిచ్చారు. సుబ్బారావు తన భిన్న తీర్పులో, సంకెళ్లు ఒంటికే వేయనక్కరలేదనీ, మనసు మీద పడే ఒత్తిడి కూడా స్వేచ్ఛను హరిస్తుందనీ, తనను ఎవరో గమనిస్తున్నారన్న స్పృహతో బతికే మనిషి కదలికలు స్వేచ్ఛగా ఉండవనీ వాదించాడు. వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన 2017 నాటి తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆయన దృష్టే సరైనదని అంగీకరించింది. పోలీసు నిఘాను గురించిన ఆ వాదాన్ని తరగతి గదికి అన్వయిస్తే దాని లోతు తెలుస్తుంది. మనసును మలచే శక్తి రాజ్యం చేతిలో ఉన్నచోట, లాఠీ ఎత్తకుండానే పౌరుడిని లొంగదీయవచ్చు, అదీ అతడికి తెలియకుండా. 1967 ఫిబ్రవరి 27న వెలువడిన గోలక్‌నాథ్ తీర్పులో పదకొండుమందిలో మెజారిటీగా నిలిచిన ఆరుగురిలో తనతో కలిపి ఐదుగురి తరఫున, ప్రాథమిక హక్కులను హరించే లేదా కుదించే అధికారం పార్లమెంటుకు లేదని ఆయన ప్రకటించాడు. ఈ దృష్టిలో రాజ్యం పౌరుడికి గురువు కాదు, అతడి ప్రాంగణం బయట నిలబెట్టవలసిన బలవంతుడు.

అయితే ఈ వాదంలోని లోటు చిన్నది కాదు. గోలక్‌నాథ్ వివాదం పంజాబులోని ఒక భూస్వామి కుటుంబానికి చెందిన వందల ఎకరాల మీద భూపరిమితి చట్టం ప్రయోగించినప్పుడు పుట్టింది. 1961 జనగణన నాటికి దేశంలో అక్షరాస్యులు సుమారు 28 శాతం. పద్నాలుగేళ్లలోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి 45వ అధికరణం పెట్టుకున్న పదేళ్ల గడువు 1960తోనే దాటిపోయింది. ఆ భూముల్లో కూలి చేసుకునే కుటుంబంలోని బిడ్డకు రాజ్యం నుంచి రక్షణ ఎంత ఉన్నా, హక్కుల అధ్యాయంలోని ఒక్క వాక్యం చదవగలిగే స్తోమత లేదు. ప్రాంగణమే లేనివాడికి గేటు కాపలా ఏ మేలు చేస్తుంది? జాకిర్ హుస్సేన్ జీవితమంతా పోరాడినది ఈ శూన్యంతో. సుబ్బారావు పక్షం ఆ శూన్యాన్ని స్వేచ్ఛగా పొరబడిందన్నది, కఠినంగా తోచినా, అన్యాయమైన మాట కాదు.

భారతీయ సంప్రదాయం ఈ రెంటికీ మధ్య ఒక దారిని చూపిందని చెప్పవచ్చు, కానీ ఆ దారి అనుకున్నంత సుళువైనది కాదు. ఉపనిషత్తుల్లో జనకుడు రాజు, యాజ్ఞవల్క్యుడు గురువు. రాజు సింహాసనం దిగివచ్చి నేర్చుకుంటాడే తప్ప ప్రజలకు తానే బ్రహ్మవిద్య బోధించడు. తైత్తిరీయంలో చదువు ముగించుకొని వెళ్లే శిష్యుడికి ఆచార్యుడు తనలోని మంచి నడవడినే అనుసరించమనీ, తక్కినవాటిని వదిలేయమనీ చెప్పే ఘట్టముంది. తనను కూడా జల్లెడ పట్టమని శిష్యుడికే జల్లెడ అందించే అధికారం ఇది. గురువును మించిన శిష్యుడు అన్న తెలుగు మాటలో గురువుకు అవమానం లేదు, ఆయన సఫలుడయ్యాడన్న మెప్పే ఉంది. పాలకుడిని మించిన పౌరుడన్న మాటను ఏ పాలకుడూ మెప్పుగా స్వీకరించడు, అక్కడే రెండు పీఠాల స్వభావం వేరవుతుంది. అయితే ఆ గురుకులాల తలుపులు వర్ణాన్ని బట్టి తెరుచుకున్నాయి, ఎంతోమందికి అసలే తెరుచుకోలేదు. అందరికీ చదువు అన్న కోరిక వచ్చాక, ఆ తలుపు తెరిపించగల బలం రాజ్యానికి తప్ప మరొకరికి లేకపోయింది.

తరువాతి చరిత్ర ఈ రెండు సిద్ధాంతాలను వింత తీరులో కలిపింది. ఎమర్జెన్సీ కాలంలో తెచ్చిన 42వ రాజ్యాంగ సవరణ విద్యను రాష్ట్రాల జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మార్చింది. అదే సవరణ పౌరులకు పది ప్రాథమిక విధులను, తరగతి గోడకు తగిలించిన సూక్తుల పట్టిక తీరులో, రాజ్యాంగంలో చేర్చింది. పౌరుల నోరు ఎక్కువగా మూతపడిన రోజుల్లోనే రాజ్యం గురుపీఠం వేసుకొని కూర్చుందన్నమాట. జాకిర్ హుస్సేన్ 1969 మే 3న పదవిలో ఉండగానే, సుబ్బారావు 1976 మే 6న మరణించారు, కనుక ఇద్దరూ దీన్ని చూడలేదు. 1993లో, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ప్రతివాదిగా ఉన్న ఉన్నికృష్ణన్ కేసులో, ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు క్యాపిటేషన్ ఫీజు మీద లేవనెత్తిన వివాదాన్ని విచారిస్తూ, పద్నాలుగేళ్ల వరకు విద్య జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు నిర్ణయించింది. 2002లో 86వ సవరణ దాన్ని 21ఎ అధికరణంగా రాజ్యాంగంలోకి తెచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది. జాకిర్ హుస్సేన్ కోరిన గమ్యానికి దేశం చివరకు సుబ్బారావు నమ్మిన దారిన నడిచి చేరింది: రాష్ట్రపతి ఉద్బోధ వల్ల కాక, కోర్టులో నిరూపించగల హక్కు వల్ల.

ఈ మార్పులోని తాత్త్విక విశేషాన్ని పాత మాటల్లోనే చెప్పవచ్చు. సంప్రదాయం ప్రతి మనిషీ మూడు ఋణాలతో పుడతాడంటుంది. వాటిలో ఋషిఋణం, అంటే విద్యను కాపాడి అందించినవారికి పడిన బాకీ, చదువు ద్వారా తీరుతుంది. అక్కడ బాకీపడ్డవాడు శిష్యుడు. 21ఎ అధికరణం ఈ పద్దును తిరగవేసి, బిడ్డను ఋణదాతగా, రాజ్యాన్ని ఋణగ్రస్తుడిగా రాసింది. గురువుగా కూర్చోవాలనుకున్న రాజ్యం బాకీదారుగా నిలబడవలసివచ్చింది, అది దానికి తగిన స్థానమే. కానీ బాకీ తీర్చడమంటే బడిలో ఒక చోటు, ఒక పుస్తకం, ఒక ఉపాధ్యాయుడు ఇవ్వడం మాత్రమే; ఆ పుస్తకంలో ఏముండాలో ఇప్పటికీ ఎక్కువగా రాజ్యమే నిర్ణయిస్తుంది. పిల్లవాడి మనసుకూ చదువుకూ పొత్తు కుదిరిందా అని అడిగిన జామియా ఉపాధ్యాయుడి ప్రశ్నకు హక్కుల భాషలో సమాధానం దొరకదు.

జాకిర్ హుస్సేన్ పిల్లల కోసం రాసిన కథల్లో బాగా పేరొందినది అబ్బూఖాన్ మేక కథ. అల్ఫాన్స్ దోదే రాసిన ఒక ఫ్రెంచి కథ దానికి ఆధారం. అల్మోరా కొండల్లో ఉండే అబ్బూఖాన్ చెడ్డవాడు కాడు. చాందినీ అనే మేకను ప్రాణంగా చూసుకుంటాడు, కడుపునిండా మేత పెడతాడు, తోడేలు బారిన పడకుండా కట్టివేస్తాడు. చాందినీ కిటికీలోంచి దూకి కొండమీదికి పారిపోయి, ఒక పగలంతా స్వేచ్ఛగా తిరిగి, రాత్రంతా తోడేలుతో పోరాడి, తెల్లవారే వేళకు చనిపోతుంది. చెట్టు మీది పక్షులు గెలిచిందెవరని వాదించుకుంటూ, తోడేలే గెలిచిందని దాదాపు అన్నీ తేలుస్తాయి. ఒక ముసలి పక్షి మాత్రం ఒప్పుకోదు, గెలిచింది చాందినీ అంటుంది. పౌరులను తీర్చిదిద్దడం బడి బాధ్యత అని నమ్మిన ఉపాధ్యాయుడు పిల్లలకు రాసిచ్చిన కథలో, ప్రేమగా మేపే యజమాని వైపు ఏ పక్షీ మాట్లాడలేదు.